వ్లాగ్ సినిమాకి వరసకి ఏమవుతుంది?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. మీది రాజోలు దగ్గర ఊరు. ఏడాదిగా ఫోన్‌తో వీడియోలు తీసి పెడుతున్నారు. సినిమాల్లో కొన్నేళ్ళు పనిచేసి వచ్చిన మీ మేనమామగారు వాటిని చూసి "ఇది సినిమా చేతకానివాళ్ళ పని" అన్నారు. అసలు వీడియో బ్లాగ్ (వ్లాగ్) అంటే ఏంటి, అది చిన్న సినిమానా లేక వేరే మాధ్యమమా, అప్పు చేసైనా మంచి కెమెరా కొని సినిమాటిక్‌గా తీయాలా?

ముందు నా సంగతి చెప్పాలి, ఎందుకంటే జవాబులో నా పని వాసన వస్తుంది. 1990ల్లో పాలకొల్లులో పెళ్ళి వీడియోలు తీశాను. తర్వాత కొన్నాళ్ళు హైదరాబాద్‌లో సినిమా ఎడిటింగ్ రూములో అసిస్టెంటుగా ఉన్నాను. ఇప్పుడు భీమవరంలో సొంతంగా ఒక చిన్న ఎడిటింగ్ రూము నడుపుతున్నాను, వచ్చేవాళ్ళలో సగం మంది మీలాంటి వ్లాగర్లే. రెండు పడవల మీద కాళ్ళు అంటారు, నావి మూడు.

వ్లాగ్ అన్న మాట దగ్గర మొదలుపెడదాం. వ్లాగ్‌లో చివరనున్న "లాగ్" ఓడల మీద నుంచి వచ్చింది. ఓడ ఎంత దూరం వెళ్ళింది, గాలి ఎటుంది, దారిలో ఏం జరిగింది అని రోజూ తేదీ వేసి రాసే పుస్తకం అది. 1997లో వెబ్‌లాగ్, అంటే ఇంటర్నెట్‌లో రాసే లాగ్, అన్న మాట పుట్టింది, 1999లో అది బ్లాగ్ అయింది, తర్వాత వీడియో చేరి వ్లాగ్ అయింది. ఇలాంటి పుస్తకం చూడ్డానికి మనం ఓడ దాకా పోనక్కర్లేదు. కాలవ లాకుల దగ్గర నీటిమట్టం రాసే రిజిస్టరు ఉంటుంది చూడండి, అదే. ఒక్కరోజు అంకె చూస్తే ఏమీ తెలీదు. నెల రోజుల అంకెలు వరసగా చూస్తే ఆ కాలవ ఎలా బతికిందో తెలుస్తుంది.

2022 జూలై వరద మీకు గుర్తుండే ఉంటుంది. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర గోదావరి మట్టం 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఈ అంకెలు మనకి ఎక్కాల్లా నోటికొచ్చు. ఆ వారంలో నా దగ్గరికి వచ్చే ఒక లంక గ్రామం కుర్రాడు రోజూ పొద్దున్నే తన ఊరి రేవు మెట్ల దగ్గర నిలబడి ఒకటిన్నర నిమిషం వీడియో పెట్టాడు. "నిన్న ఈ మెట్టు కనపడిందండి, ఇవాళ లేదు. వెనక తాటిచెట్టు గుర్తు పెట్టుకోండి, రేపు దాన్ని బట్టి చెబుతాను." అంతే. ఫ్రేమ్ వంకర, గాలి హోరు, లెన్స్ మీద చినుకులు. కానీ ఆ ఊరివాళ్ళు కువైట్‌లో, దుబాయ్‌లో ఉన్నవాళ్ళంతా నిద్ర లేవగానే చూసింది ఆ వీడియోనే. ఒకాయన "తమ్ముడూ, రేపు కొంచెం ఎడమ పక్కకి తిప్పు, మా పాక కనపడుతుందేమో" అని రాశాడు. మర్నాడు వీడు తిప్పాడు.

నా దృష్టిలో నిర్వచనం ఆ తిప్పడంలో ఉంది. ఒక మనిషి, తన మొహంతో, తన గొంతుతో, తేదీ మీద నిలబడి, చూసేవాళ్ళు ఫలానా అని తెలిసి మాట్లాడతాడు. వాళ్ళు తిరిగి ఏదో అంటారు. అది మర్నాటి వీడియోలోకి వస్తుంది. ఈ రాకపోకలు నడుస్తున్నంత కాలం అది వీడియో బ్లాగ్. ఫోన్‌తో తీశారా, సినిమావాళ్ళు వాడే రెడ్ కంపెనీ కెమెరాతో తీశారా, మూడు నిమిషాలా, ముప్పై నిమిషాలా అన్నది దీనికి సంబంధం లేదు.

ఈ మాధ్యమం మొదలైనప్పుడు కూడా సరిగ్గా మీ ప్రశ్న మీదే కొట్టుకున్నారు. 2000 సంవత్సరంలో ఆస్ట్రేలియాకి చెందిన ఏడ్రియన్ మైల్స్ అనే అధ్యాపకుడు తన బ్లాగులో చిన్న చిన్న వీడియోలు పెట్టి దానికి "వాగ్" అని పేరు పెట్టాడు. (మన చెవికి అది "వాగు"లా, లేకపోతే "వాగుడు"లా వినపడుతుంది. రెండూ తప్పు కాదు.) ఆ ఏడాదే ఒక ప్రకటన కూడా రాశాడు: ఇది వ్యక్తిగతమైనది, చేతిలో ఉన్న పరికరాలతో చేసేది, రాతకీ టీవీకీ మధ్యలో ఉండేది అని. చివర ఒక చమత్కారం చేశాడు. మాక్ కంప్యూటరు, మోడెమ్ చేతికిస్తే జీగా వెర్తోవ్ చేసే పని ఇదీ అన్నాడు. వెర్తోవ్ సోవియట్ సినిమా మనిషి. 1929లో ఆయన తీసిన మూకీ చిత్రంలో కథ లేదు, నటులు లేరు. ఊరంతా తిరిగే కెమెరామన్ కనపడతాడు, ఆ రీళ్ళు కత్తిరించే ఎడిటర్ కూడా కనపడుతుంది. ఆ కెమెరామన్ ఆయన తమ్ముడు, ఎడిటర్ ఆయన భార్య. ఇంటిల్లిపాదీ వ్లాగే! కాకపోతే ఆ సినిమాలో కెమెరామన్ మనకి కనపడతాడు గానీ మనతో మాట్లాడడు.

అప్పట్లో ఈ పని చేసేవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందే. వీడియో పెట్టాలంటే సర్వర్ ఖర్చు తడిసి మోపెడయ్యేది. 2005 ఏప్రిల్ 23న యూట్యూబ్‌లో మొదటి వీడియో పడింది. జూలో ఏనుగుల ముందు నిలబడి ఆ సంస్థ వ్యవస్థాపకుల్లో ఒకాయన 19 సెకన్లు మాట్లాడాడు. ఏనుగు తొండాల పొడుగు తప్ప అందులో విషయం లేదు. మనదాకా ఇది నిజంగా వచ్చింది 2016లో డేటా చవకయ్యాకే. అంతకు ముందు రాజోలులో కూర్చుని వీడియో అప్‌లోడ్ చేయడమంటే రాత్రి పడుకునేటప్పుడు పెట్టి పొద్దున్న లేచి చూసుకునే పని.

ఇక సినిమాతో చుట్టరికం. దీన్ని కుమారదేవం చెట్టుతో చెబుతాను.

కొవ్వూరు దగ్గర గోదావరి గట్టున ఉండేదే, నూరేళ్ళు దాటిన నిద్రగన్నేరు. 1970ల నుంచి ఎన్ని సినిమాల్లో కనపడిందో లెక్క తేలదు. సినిమా చెట్టు అనే పిలిచేవాళ్ళు. ఇన్ని సినిమాల్లో కనపడినా ఏ సినిమాలోనూ దానికి కుమారదేవం చెట్టుగా ఉండే భాగ్యం దక్కలేదు. ఒకదాంట్లో పంచాయతీ రావిచెట్టు లాంటిది, ఒకదాంట్లో హీరో హీరోయిన్లు కలుసుకునే చోటు, ఇంకోదాంట్లో ఏదో రాయలసీమ ఊరి పొలిమేర. సినిమాకి కావలసింది చెట్టు, ఆ చెట్టు కాదు. 2024 ఆగస్టులో వరద రోజుల్లో అది కూలిపోయింది. ఆ రోజు ఫోన్లు పట్టుకుని వెళ్ళిన కుర్రాళ్ళు తీసిన వీడియోల్లో మాత్రం అది కుమారదేవం చెట్టే. పడింది ఆ రోజే, వేళ్ళకి అంటిన మట్టి ఆ గట్టుదే.

సినిమా చోటునీ, కాలాన్నీ అరువు తెచ్చుకుని తనది చేసుకుంటుంది. బాపుగారు తన మొదటి సినిమాని 1967లో ఆత్రేయపురం పక్కన పులిదిండిలో తీశారు. సెట్లు కాదు, నిజం వీధులు, నిజం రేవు. అయినా తెర మీద అది కథలోని ఊరే అయింది. అది తప్పు కాదు, సినిమా శక్తే అది. ఎక్కడిదో ఒక ఊరిని తీసి అందరి ఊరుగా చేస్తుంది. వ్లాగ్ అలా చేయలేదు, చేయకూడదు కూడా. మీ వీడియోలో సఖినేటిపల్లి రేవు సఖినేటిపల్లి రేవుగానే ఉండాలి. దాన్ని "కోనసీమ అందాలు" చేసిన రోజున మీరు సినిమా వాళ్ళ పని సినిమా వాళ్ళకంటే నాసిరకంగా చేస్తున్నట్టు.

మొదట్లో సినిమాకీ ఈ గుణం ఉండేది. 1895 డిసెంబరు 28న పారిస్‌లో లూమియేర్ సోదరులు చూపించిన బొమ్మల్లో ఒకటి, అన్న తన పసిపాపకి అన్నం తినిపిస్తుంటే తమ్ముడు తీసినది. ఒక్కో బొమ్మా యాభై సెకన్లు. చూసినవాళ్ళు పాప కంటే, వెనక చెట్ల ఆకులు గాలికి కదలడం చూసి ఎక్కువ ఆశ్చర్యపోయారని చెబుతారు. నాటకాల్లో తెరల మీద చెట్లు కదలవు కదా మరి. ఇంటి ముందు తీసిన ఇంటి ముచ్చట! ఆ తర్వాత సినిమా కథ చేయి పట్టుకుని వెళ్ళిపోయింది.

వెనక్కి వచ్చినవాళ్ళు లేకపోలేదు. జోనస్ మేకస్ అని, లిథువేనియా నుంచి న్యూయార్క్ చేరిన ఆయన. చిన్న బోలెక్స్ కెమెరాతో దశాబ్దాల తరబడి తన రోజులని తీసుకుంటూ పోయాడు. 2007లో, ఎనభై నాలుగేళ్ళ వయసులో, రోజుకొకటి చొప్పున ఏడాది పొడుగునా తన వెబ్‌సైట్‌లో వీడియోలు పెట్టాడు. సినిమా డైరీ రాసేవాడు వ్లాగర్ అవడానికి ఆయన మార్చుకోవలసింది దాదాపు ఏమీ లేకపోయింది. ఇంకొకరు ఫ్రాన్స్‌లో జాఁ రూష్. 1961లో విడుదలైన ఒక చిత్రంలో ఆయనా, ఇంకో సామాజిక శాస్త్రవేత్తా కలిసి జనాన్ని వీధిలో ఆపి "మీరు సంతోషంగా ఉన్నారా?" అని అడిగించారు. అదొక ఎత్తు. తీసిందాన్ని అందులో ఉన్నవాళ్ళకే హాల్లో వేసి చూపించి, వాళ్ళు దాని మీద పడిన తగాదాని కూడా తీసి అదే సినిమాలో కలిపేశారు. మన కుర్రాడు కెమెరా ఎడమ పక్కకి తిప్పడానికి అరవై ఏళ్ళ ముందు మాట. అయినా ఆ తర్వాత సినిమా అయిపోయింది, డబ్బాలో పెట్టి మూత వేశారు. వ్లాగ్‌కి ఆ మూత లేదు.

అందుకని నన్నడిగితే సినిమా వ్లాగ్‌కి వేలు విడిచిన మేనమామ. పోలికలున్నాయి, పండక్కి బట్టలు పెడతాడు, అంతే. దగ్గర చుట్టం వేరే ఉంది, దాని పేరు ఎవరూ ఎత్తరు. పెళ్ళి వీడియో.

నవ్వకండి. మూడు గంటల వీహెచ్‌ఎస్ కేసెట్‌లో ముహూర్తం ఇరవై నిమిషాలు, భోజనాలు నలభై నిమిషాలు. పంక్తిలో ఈ చివర నుంచి ఆ చివరకి లైటు పట్టుకుని నడవాలి, ఒక్క మొహం వదిలినా తర్వాత ఇంటికొచ్చి తిడతారు. ఆకులో గుమ్మడికాయ పులుసు వేస్తుంటే లైటు పడి చెయ్యి అడ్డం పెట్టుకున్న పెద్దాయన, ఫ్యాను కింద నిద్రపోతున్న చంటాడు. సినిమా వాడు చూస్తే తల పట్టుకుంటాడు. కానీ ఆ కేసెట్‌ని ఆ ఇంట్లో ఎన్నిసార్లు చూశారో ఏ హిట్ సినిమానీ అన్నిసార్లు చూసి ఉండరు. "అదిగో సుబ్బులత్త, ఆ ఏడాదే పోయింది." ఆ ఒక్క మాట కోసం కేసెట్ వెనక్కి తిప్పి తిప్పి రీలు అరిగిపోయేది. ఆ బొమ్మకి విలువ ఫ్రేమింగ్‌లో లేదు, అందులో ఎవరున్నారు, చూసేవాళ్ళు ఎవరు అన్నదాంట్లో ఉంది. మిక్సింగ్‌లో మేము వేసే హార్టు గుర్తులూ, పూల వాన, సినిమా పాటలూ, అవన్నీ మేనమామ పెట్టిన బట్టలు.

ఒక్క తేడా. పెళ్ళి వీడియోలో తీసేవాడు లేడు. ముప్పై ఏళ్ళ క్రితం నేను తీసిన కేసెట్లలో నా మొహం ఎక్కడా ఉండదు. ఒక్కదాంట్లో మాత్రం అద్దాల బీరువా తలుపులో భుజం మీద కెమెరాతో ఒక బక్కపల్చటి మనిషి కనపడతాడు. అప్పుడు దాన్ని పొరపాటు అనుకుని కత్తిరించాలని చూశాను, ఆ ఇంటివాళ్ళు ఉంచమన్నారు. కెమెరా పట్టుకున్నవాడు దాన్ని తన వైపు తిప్పుకుని "నేను ఫలానా, ఇవాళ ఇక్కడున్నాను" అన్నప్పుడే పెళ్ళి వీడియో వ్లాగ్ అవుతుంది.

"మరి న్యూస్ చదివేవాళ్ళు కూడా కెమెరాలోకి చూసే మాట్లాడతారు కదా" అంటారేమో. చూస్తారు, కానీ చానల్ తరఫున. రేపు ఆ కుర్చీలో ఇంకొకరు కూర్చున్నా వార్తలు నడుస్తాయి. మీ కుర్చీలో మీ తమ్ముడు కూర్చుంటే నడవదు. మీకు దగ్గరగా ఉన్నది హరిదాసు. కథ మధ్యలో ఆపి, ముందు వరసలో కూర్చున్న కరణంగారి మీద ఒక పిట్టకథ విసిరి, జనం నవ్వాక మళ్ళీ కథలోకి వెళ్ళే హరిదాసు.

ఈ పాఠం నాకు దెబ్బ తగిలాకే వచ్చింది. మూడేళ్ళ క్రితం అంబాజీపేట వైపు ఒక కుర్రాడు కనుమనాటి జగ్గన్నతోట ప్రభల తీర్థం తీసుకొచ్చాడు. ప్రభలు, అంటే దేవుణ్ణి పెట్టి అలంకరించిన ఎత్తైన వెదురు కట్టడాలు, భుజాల మీద చేలకి అడ్డం పడి రావడం, కౌశిక నది దాటేటప్పుడు నీళ్ళలో మోసేవాళ్ళ కేకలు, ఒళ్ళు గగుర్పొడిచే సరుకు. నాలోని సినిమా అసిస్టెంటు లేచి కూర్చున్నాడు. అతను మాట్లాడే ముక్కలన్నీ తీసేశాను. మధ్యలో చెప్పు తెగిపోయి ఒంటికాలి మీద గెంతుతూ ప్రభ వెంట పరిగెత్తే ముక్క ఉంటే అదీ తీసేశాను. రంగులు దిద్దాను, స్లో మోషన్, డప్పులకి సరిపోయే కట్స్. నాకైతే చాలా నచ్చింది. వాడికీ నచ్చింది. పెట్టిన సాయంత్రానికి వచ్చిన మాటలు: "వీడియో సూపర్ అన్నా, కానీ నువ్వు వెళ్ళలేదా ఈసారి?" "ఎవరిదో తెచ్చి పెట్టావా?" "మీ తాతయ్య వచ్చాడా తీర్థానికి, పోయినేడు కాలు నొప్పన్నావు?" మర్నాడు ఆ చెప్పు తెగిన ముక్కని అలాగే, ఏ దిద్దుబాటూ లేకుండా విడిగా పెట్టాడు. జనం దాని కింద పండగ చేసుకున్నారు. నేను డబ్బులు తీసుకోలేదు లెండి.

అందుకే సినిమాటిక్ అన్న మాట దగ్గర కొంచెం ఆగి ఆలోచించండి. మా ఎడిటింగ్ రూములో మా గురువుగారు ఒకే షాట్ మధ్యలో కత్తిరిస్తే వచ్చే జంప్‌ని చూసి చెవి మెలేసేవారు. 1960లో ఫ్రాన్స్‌లో గొదార్ అనే దర్శకుడు దాన్నే కావాలని చేసి పేరు తెచ్చుకున్నాడు. వ్లాగ్‌లో అదే జంప్ తప్పూ కాదు, గొప్పా కాదు, వాక్యంలో కామా లాంటిది. "ఇక్కడ నసిగాను, తీసేశాను" అని చూసేవాడికి తెలుస్తుంది, వాడు పట్టించుకోడు. దాన్ని కప్పిపుచ్చడానికి పైన కొబ్బరితోట డ్రోన్ షాట్ వేస్తే మాత్రం మోసం వాసన వేస్తుంది.

మీరు ఆత్రేయపురం పూతరేకుల వీడియో తీయబోతున్నానన్నారు కాబట్టి అదే తీసుకుందాం. బోర్లించిన కుండ, కింద కొబ్బరాకుల మంట. పల్చగా కలిపిన బియ్యప్పిండిలో గుడ్డ ముంచి, రెండు చేతులా పట్టుకుని కుండ మీదుగా ఒక్క లాగు. రెప్ప వేసేలోపు రేకు లేస్తుంది. సినిమా అయితే ఆ లాగడాన్ని మూడు వైపుల నుంచి తీసి, ఆ చేతులని అమ్మమ్మ చేతులుగా మార్చి మనల్ని ఏడిపిస్తుంది. మీరు ఆ పీట మీద కూర్చుని ఒక్కసారి లాగి చూడండి. రేకు చిరుగుతుంది, వేలు చురుక్కుమంటుంది, పక్కనున్న ఆవిడ "అలా కాదండి బాబూ, దుప్పటి కప్పుతున్నారా ఏంటి" అంటుంది. మీ వీడియో అదీ. ఆవిడ రెండోసారి ఎలా చూపించిందో, మీకు నాలుగోసారికైనా వచ్చిందో లేదో చూడ్డానికి జనం ఉంటారు. ఆవిడని వీడియోలో పెట్టే ముందు అడగండి, ఊరు చెప్పొచ్చా అని కూడా అడగండి.

కెమెరా గురించి రెండు ముక్కలు. అప్పు చేయకండి. ఆ డబ్బులో పదో వంతు పెట్టి మంచి కాలర్ మైకు, దానికి బొచ్చు తొడుగు కొనండి. అంతర్వేది గాలికి ఫోన్ మైకు చేతులెత్తేస్తుంది. బొమ్మ కాస్త పోయినా చూస్తారు, మాట వినపడకపోతే ఒక్క క్షణం ఉండరు. రాత్రి ట్యూబ్‌లైట్ కింద మీ మొదటి వీడియోలో బొమ్మ వణుకుతోంది. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి షట్టర్‌ని సెకనులో 1/50 వంతు దగ్గరో 1/100 వంతు దగ్గరో ఆపండి, పోతుంది. సినిమాలా కనపడాలని పెట్టే సెకనుకి 24 ఫ్రేములు, పైన కింద నల్ల పట్టీలు, అవి మీ సరదా. సినిమా పాటలు మాత్రం వాడకండి, వచ్చే నాలుగు రూపాయలూ పాట హక్కులున్నవాళ్ళకి పోతాయి.

ఈ నిర్వచనం గట్టిదేం కాదు, చిల్లులున్నాయి. ఇంట్లో మొగుడూ పెళ్ళాం తగాదా పడినట్టు రాసుకుని, రెండు టేకులు చేసి, "ఇవాళ మా ఇంట్లో ఏం జరిగిందో చూడండి" అని పెట్టేవి ఉన్నాయి. తేదీ ఉంది, మొహం ఉంది, జవాబులూ వస్తాయి. నేను వాటిని వ్లాగ్ వేషం వేసిన నాటికలు అంటాను, మీరు ఒప్పుకోకపోవచ్చు. ఇటు పక్క, ఊరు ఊరంతా తిరిగి గుళ్ళ చరిత్ర చెప్పే చానళ్ళు కొన్ని చాలా బాగుంటాయి గానీ, అవి పాతకాలం దూరదర్శన్ డాక్యుమెంటరీకి మనవలు.

మీ మావయ్యగారితో వాదన పెట్టుకోకండి. ఆయన అన్నదాంట్లో సగం నిజం ఉంది, ఆయన పనికి కావలసినవి మీకు రావు. మీ పనికి కావలసినవి ఆయనకీ రావని ఆయనకి తెలిసే దారి ఒకటుంది. ఒక ఆదివారం ఫోన్ ఆయన చేతికిచ్చి, "మీ మొహం వైపు తిప్పుకుని, ఇవాళ పొద్దున్న నుంచి ఏం చేశారో చెప్పండి మావయ్యా" అనండి. లైటింగ్ గురించి అడుగుతారు, ఎవరికి చెప్పాలి అంటారు. ఆ రెండో ప్రశ్నని వీడియోలో ఉంచేయండి.

మీరు పంపిన మూడు వీడియోలూ చూశాను. మూడోది, సంత వీడియో, శుభ్రంగా ఉంది గానీ అందులో మీరు లేరు. రెండోది నాకు నచ్చింది. నర్సాపురం వెళ్ళే పంటు (మనుషుల్నీ బళ్ళనీ నది దాటించే పడవ) రేవు మధ్యలో ఇంజను ఆగి, మోటార్ సైకిళ్ళ వాళ్ళు, కోళ్ళ బుట్టల ఆవిడ, స్కూలు పిల్లలు అరగంట నది మీద నిలిచిపోయిన వీడియో. చివర్లో పంటు నడిపే సరంగుని "ఏమైందండి?" అని అడిగితే ఆయన "రేపు రండి, చెబుతాను" అన్నాడు, మీరు కూడా కెమెరాలోకి చూసి "రేపు కనుక్కుని చెబుతానండి" అన్నారు. నాలుగు నెలలైంది. ఇంతకీ ఆ ఇంజనుకి ఏమైందట?